పన్నెండు దాటి ఐదు

బుధవారం బుధవారం హెరన్ బే చరిత్ర సంఘం
పాత రైలు స్టేషన్లో భోజనం పెడుతుంది.
రైలు మానేసి నలభై ఏళ్లు.
టికెట్ల కిటికీలోంచి ఇప్పుడు నేను
సూపు గిన్నెలు అందిస్తాను.
మనిషికి ఐదు డాలర్లు. లేనివాళ్లు
బుట్ట వైపు చూడకుండా నడిచిపోవచ్చు,
నేనూ చూడను.

ఈ వారం పాస్టీలు కూడా.
మెల్బా పెన్‌హేల్ తెల్లారగట్ల నాలుగింటికి లేచి
కజ్జికాయలకు మడిచినట్టు అంచులు మడిచింది.
కార్న్‌వాల్ నుంచి వచ్చిన ఆమె ముత్తాత
దారిలో అన్నీ పోగొట్టుకున్నాడు,
ఆ మడత తప్ప.

నేటి ప్రసంగం: మన రాగి మిల్లు ఆవిరి కూత.
వక్త వెర్నన్ ట్రెగియర్, రిటైరైన సర్వేయరు,
చెప్పుల డబ్బా నిండా కాగితాలు.
ప్రొజెక్టరు మొరాయించి
మిల్లుని గోడమీద తలకిందులుగా నిలబెట్టింది కాసేపు.
"సోమవారాలు అచ్చం అలాగే ఉండేది," అన్నారు ఎవరో వెనకనుంచి.

కూత బరువు చెప్పాడు, ఇత్తడి మందం చెప్పాడు,
సరస్సు మీద గాలి ఒప్పుకుంటే
పదకొండు మైళ్లు వినబడేదన్నాడు.
కూతవేటు దూరమంటే ఈ ఊళ్లో మాటవరస కాదు,
కంపెనీ కొట్టు అరువిచ్చే హద్దు.
"మధ్యాహ్నం కూత సరిగ్గా పన్నెండింటికి."

ఐలి కాంగస్నియెమి చెంచా కింద పెట్టింది.
తొంభై ఒకటి దాటిన మనిషి. చెంచా చప్పుడు కాలేదు,
అయినా అందరం విన్నాం.
"కాదు. పన్నెండు దాటి ఐదుకి."

వెర్నన్ దగ్గర కంపెనీ ముద్రేసిన కాగితం ఉంది.
ఐలి దగ్గర వాళ్లమ్మ గోడగడియారం ఉంది,
ఫిన్లాండు నుంచి దుప్పట్లో చుట్టుకొచ్చినది.
"ఎనిమిదేళ్లదాన్ని. ఇంట్లో పద్నాలుగుమంది అద్దెవాళ్లు.
పాలక్యానులో బఠాణీ సూపు పోసుకుని
మిల్లు గేటు దగ్గర నిలబడేదాన్ని.
కూత పడితేగానీ గేటు తియ్యరు.
చెయ్యి మార్చేదాన్ని, మళ్లీ మార్చేదాన్ని,
సూపు మీద తెట్టు కట్టేది.
మొదటి కూతకే బద్ధకం.
తిన్నది చాలు లెమ్మనే కూత మాత్రం
ఒక్కరోజు ఆలస్యం కాలేదు."

వెర్నన్ ఆ ముద్రకాగితం వెనకే లెక్క మొదలెట్టాడు,
ఐదు నిమిషాలు, ఇన్ని వందలమంది, ఇన్నేళ్లు.
సున్నాలు పెరిగేకొద్దీ అంకెలు చిన్నగా రాశాడు,
తర్వాత పెన్ను మూసేశాడు.

తలుపు దగ్గర రూడీ జుపాన్.
ప్రతి వారం వస్తాడు, కుర్చీలు వేస్తాడు, మడుస్తాడు,
నోరు తెరిచింది ఎప్పుడూ చూళ్లేదు.
"తాడు లాగింది మా నాన్న," అన్నాడు.
గదిలో కాఫీ మరిగే చప్పుడు.
"జేబులో గడియారం కంపెనీ ఇచ్చింది.
మా ఇంట్లో మాత్రం గోడకి గడియారం పెట్టనిచ్చేవాడు కాదు.
అమ్మ అడిగేది. నేనూ అడిగాను.
జవాబు చెప్పేవాడు కాదు."

ఐలి అతని వైపు తిరిగింది, మెడ తిరగక కుర్చీతో సహా.
ఏమంటుందోనని ఊపిరి బిగబట్టాం.
"పొడుగాటి మనిషి. ఎడమచేత్తో లాగేవాడు," అంది.
"అవును," అన్నాడు రూడీ.

కార్యదర్శి లోర్నా కలం పట్టుకుని అడిగింది,
పుస్తకంలో ఏ టైము రాయమంటారని.
వెర్నన్ డబ్బా మూత పెడుతూ
రెండూ రాయమన్నాడు.
మెల్బా, ఎవరూ అడక్కుండానే,
వచ్చే బుధవారం మంచు కోత గురించి అని ప్రకటించింది.

ఐలి గిన్నె కిటికీలోకి తోసింది.
"చల్లారిపోయింది. కాస్త వేడిచేసి ఇయ్యమ్మాయ్."
నాకూ అరవై దాటాయి. వేడి చేశాను.

ఆమె తిన్నంతసేపూ
రూడీ ఒక్క కుర్చీ కూడా మడవలేదు.